పది పెన్‌డ్రైవ్‌లకు ఒకే నంబరు

నేను పుట్టకముందే నన్నెరిగిన దేవునికి స్తోత్రం. ఆకాశంలో చుక్కల లెక్క తెలిసి కూడా, మా గల్లీలో మంచం దిగలేని ముసలివాళ్ల పేర్లు మరిచిపోని ప్రభువుకు మహిమ. ఈ చేతులకు పని నేర్పింది ఆయనే. ఈ చేతులు తప్పు చేసినప్పుడు నన్ను విడిచిపెట్టనిదీ ఆయనే. ముందు ఆయన్ను స్తుతించి, తర్వాతే జరిగింది చెబుతాను.

మా ఇల్లు ఛత్రినాకలో. నేను ఒక ఆఫీసుకు జావాలో ప్రోగ్రాములు రాస్తాను. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. అమ్మ జాకెట్లు కుడుతుంది. మా ముందు గదిలో ఒక మూల ఆమె కుట్టు మిషను, ఇంకో మూల నా ల్యాప్‌టాప్. నా మీటింగుల్లో ఎప్పుడూ వెనక నుంచి టకటకమని చప్పుడు. "మీ దగ్గర వాన పడుతోందా?" అని ఒకాయన రెండేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు.

మా సంఘం చిన్నది. నలభై కుటుంబాలుంటాయి. వాటిలో మందిరానికి రాలేని వాళ్లు పది మంది. కొందరికి కళ్లు పోయాయి, కొందరికి కాళ్లు పోయాయి. వాళ్ల కోసం అమ్మ ఒక సేవ మొదలుపెట్టింది. పెన్‌డ్రైవ్ పెడితే పాడే స్పీకర్ డబ్బాలుంటాయి కదా, పది ఇళ్లలోనూ అలాంటివి ఉన్నాయి. ప్రతి ఆదివారం ఆ ఇళ్ల నుంచి ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ తెచ్చి అమ్మకిస్తారు. ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారి ప్రసంగం, ఆ వారం చదవాల్సిన వాక్యాలు, పాటలు అందులో వేసి ఇస్తుంది. అవి కాక ఎవరివి వాళ్లకు ప్రత్యేకంగా కొన్ని ఉంటాయి. ఒకామెకు దుబాయ్‌లో ఉన్న చెల్లెలు పంపిన మాటలు, ఒకాయనకు మనవరాలు పాడిన పాటలు. అవి ఎప్పుడూ చెరపకూడదు.

మొదట్లో ఆ పెన్‌డ్రైవ్‌లు రకానికొకటి ఉండేవి. ఒకరిది పెద్దది, ఒకరిది చిన్నది. ఒకరి దాంట్లో ఎక్కువ పాటలు పట్టాయని ఇంకొకరు అలిగారు. దాని మీద మందిరంలో పెద్ద లొల్లి అయింది. "ప్రభువు బల్ల దగ్గర ఎక్కువ తక్కువలు లేవు" అని అయ్యగారు గట్టిగా చెప్పి, అమ్మను వెంటబెట్టుకొని ఉస్మాన్‌గంజ్ వెళ్లారు. హోల్‌సేల్ దుకాణంలో ఒకే డబ్బాలోంచి డజను తీసుకున్నారు. అన్నీ నల్లవే, అన్నీ ఒకే సైజు. దుకాణం భాయ్ కూడా, "ఒకటే మాల్ అమ్మా, ఇంచు కూడ ఫరక్ ఉండదు" అన్నాడట. పది ఇళ్లకు పది ఇచ్చి రెండు అమ్మ దగ్గర ఉంచారు. ఎవరిది ఎవరిదో తెలియడానికి అమ్మ ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టింది. జాకెట్లు కుట్టే ఇంట్లో దారాలకు ఏం కొదువ? కళ్లు కనిపించని అవ్వకు మాత్రం ఎర్ర దారానికి మూడు ముళ్లు వేసి ఇచ్చింది, చేత్తో తడిమి తెలుసుకోవాలని.

ఆ అవ్వ ఇల్లు దబీర్‌పురా స్టేషన్ దగ్గర, రైలు పట్టాలకు ఆనుకొని. ఆమె భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మేమంతా ఆయన్ను తాత అనేవాళ్లం. ముప్పై ఏళ్లు మా మందిరంలో వాక్యం చదివింది ఆయనే. పెద్ద చదువేమీ లేదు, కానీ ఆయన చదువుతుంటే గోల చేసే పసిపిల్లలు కూడా ఊరుకునేవాళ్లు. చివరి వానాకాలంలో ఊపిరితిత్తులు పాడై మంచం పట్టినప్పుడు, అమ్మ రోజూ మధ్యాహ్నం వెళ్లి తన ఫోన్‌ను దిండు పక్కన పెట్టి ఆయన చేత కీర్తనలు చదివించింది. రోజుకొకటి చొప్పున ఇరవై మూడు. అవి అవ్వ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాక ఒకరోజు ఆ ఫోన్ బట్టలు నానబెట్టిన బకెట్లో పడి చచ్చిపోయింది. తాత గొంతు ఇక ఆ ఎర్ర దారం పెన్‌డ్రైవ్‌లోనే మిగిలింది.

అవ్వ పొద్దున్నే అది పెట్టుకొని వింటుంది. ఒకసారి నేను పక్కన కూర్చుని విన్నాను. మధ్యలో రైలు వస్తుంది. తాత ఆగిపోతాడు. రైలు మొత్తం పోయేదాకా ఊపిరి బిగబట్టి ఆగి, "ఆఁ" అని మళ్లీ అందుకుంటాడు. అవ్వ ఆ చోట నవ్వుతుంది.

"నలభై ఏండ్లు నాతోని కొట్లాడేటప్పుడు గూడ గంతే బిడ్డా. బండొస్తె ఆగేటోడు. పోయినంక మళ్ల మొదలు" అంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఏం పోగొట్టానో మీకు తెలియాలి.

ఆదివారం మధ్యాహ్నమంతా అమ్మ ఒక్కొక్క పెన్‌డ్రైవే పెట్టి, పాతవి చెరిపి కొత్తవి వేస్తూ కూర్చుంటే నాకు జాలేసింది. అమ్మకు నడుము నొప్పి. ఒక ప్రోగ్రాము రాసిస్తాను అన్నాను. ఒకేసారి పది పెన్‌డ్రైవ్‌లు పట్టే పెట్టె ఒకటి కొన్నాను. పదీ పెట్టేస్తే ప్రోగ్రామే ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టి, దాని సొంత ఫైళ్లు పక్కకు తీసి దాచి, పాతవి చెరిపి, అందరికీ ఇచ్చే కొత్తవి వేసి, చివర్లో ఎవరి సొంతవి వాళ్లకు తిరిగి పెట్టాలి. సొంతవి అలాగే వదిలేసి మిగతావి చెరిపితే పోయేది కదా అని మీరనొచ్చు. ఇప్పుడు నేనూ అదే అంటాను. అప్పుడు మాత్రం పెన్‌డ్రైవ్ మొత్తం తుడిచి మళ్లీ నింపడమే శుభ్రమైన పద్ధతి అనిపించింది.

యూఎస్‌బీలో పెట్టిన ప్రతి వస్తువూ తన గురించి కొంత సమాచారం మోసుకొస్తుంది. ఏ కంపెనీ చేసింది, ఏ రకం, సీరియల్ నంబరు ఎంత. ఆ నంబరును జావాలో చదివి, దాన్నే పేరుగా వాడుకోవాలని నా ఆలోచన. మొదటి రోజు జాబితా వచ్చింది కానీ అందులో పెన్‌డ్రైవ్ ఒక్కటే కాదు, నా మౌసు, కీబోర్డు, కెమెరా, ఆ పది రంధ్రాల పెట్టె కూడా వరుసగా వచ్చి నిలబడ్డాయి. అమ్మ తొంగి చూసి, "గీ ఎలుకకు గూడ నంబరుందా?" అంది. వాటిని వడకట్టాను. తర్వాత ఇంకో చిక్కు. కంపెనీ, రకం బయటి నుంచే కనిపిస్తున్నాయి కానీ సీరియల్ నంబరు కావాలంటే ప్రోగ్రాము ఆ వస్తువును తెరిచి అడగాలి. తెరవబోతే "అనుమతి లేదు" అని వచ్చేది. నాలుగు సాయంత్రాలు దాంతోనే పోయాయి. కోడ్‌లో తప్పేమీ లేదు. నా ల్యాప్‌టాప్‌లో మామూలు ప్రోగ్రాములకు ఆ తలుపు తీసే హక్కు లేదు. ఆ హక్కు ఇచ్చే ఒక చిన్న నియమం రాసి, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టగానే నంబరు వచ్చింది. ఆ నంబరు చూసి చప్పట్లు కొట్టాను. నా దగ్గరున్న రెండు వేరు వేరు కంపెనీల పెన్‌డ్రైవ్‌లు పెట్టి పరీక్షించాను. రెండు వేరు నంబర్లు, దేని ఫైళ్లు దానికి. అయిపోయింది అనుకున్నాను.

మొదటి ఆదివారం మందిరంలో పదీ పెడుతుంటే దారాలు పక్క రంధ్రాలకు అడ్డం వస్తున్నాయి. కత్తెర తీసుకున్నాను.

"ఏయ్, దారాలు తెంపకే" అంది అమ్మ.

"ఇగ అవసరం లేదమ్మా. లోపల నంబరుంటది. గిది చదువుతది."

"నంబరు చదివితె మనిషి తెలుస్తడా?"

"నీ దారాలకన్న మంచిగనే తెలుస్తడు."

ఆ మాట అన్నాను. దాచకుండా రాస్తున్నాను. మందిరంలో, బలిపీఠానికి పది అడుగుల దూరంలో కూర్చుని, నా తల్లి కట్టిన దారాలను పది సార్లు కత్తిరించి ఆ మాట అన్నాను. మూడు ముళ్ల ఎర్ర దారం కూడా వాటిలోనే ఉంది. అమ్మ కింద పడిన దారాలు ఏరి కొంగుకు కట్టుకుంది.

ఆరు నిమిషాల్లో పనైపోయింది. "పది పూర్తి" అని తెర మీద వచ్చింది. పెన్‌డ్రైవ్‌లు తీసి వచ్చిన వాళ్లకు తలా ఒకటి ఇచ్చేశాం. అప్పుడు కూడా నాకు తట్టలేదు. దేన్ని ఎవరికిస్తున్నానో చూసుకోవాలి కదా? ఏ రంధ్రంలో ఎవరిది పెట్టామో అమ్మకు గుర్తుంది కాబట్టి ఆమె చెప్పినట్టే ఇచ్చాను. అంత గొప్ప ప్రోగ్రాము రాసి, చివరికి అమ్మ జ్ఞాపకం మీదే పంచాను.

సోమవారం పొద్దున అవ్వ కోడలు ఫోన్ చేసి అవ్వకిచ్చింది. అవ్వ గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ నొప్పి.

"బిడ్డా, నా డబ్బల ఆయన వస్తలేడు. అయ్యగారు వచ్చిండు, పాటలొచ్చినయ్. ఆయన రాలే. నేనే తప్పు మీట ఒత్తిన్నేమో అని మళ్ల మళ్ల ఒత్తిన. దారం గూడ దొరుకుతలేదు చేతికి. ఇది నాదేనా?"

చూస్తాను అవ్వా అని ఏదో అన్నాను. ఫోన్ పెట్టేసే ముందు ఆమె, "శనివారం కూడికకు ఆయన చదువుతడని అందరికి చెప్పిన" అంది.

ఆ శనివారానికి తాత పోయి సంవత్సరం. జ్ఞాపకార్థ కూడిక అవ్వ ఇంట్లోనే. పాట పాడాక, ప్రసంగానికి ముందు, ఎప్పటిలాగే తాతే వాక్యం చదవాలని, ఆ డబ్బా మధ్యలో పెట్టి వినాలని అయ్యగారూ అవ్వా నెల రోజుల ముందే అనుకున్నారు.

ఆ రోజు ఆఫీసు పని ముగించుకొని ప్రోగ్రాము ముందు కూర్చున్నాను. ముందు ప్రార్థన చేసుకోలేదు. సిగ్గేసింది. చెరిపిన తర్వాత దాని మీద ప్రసంగమూ పాటలూ పడ్డాయి. పాతవి వెతికి తీసే పద్ధతులున్నా, అంత రాసేశాక మిగలడం కష్టం. తాత్కాలికంగా నా ల్యాప్‌టాప్‌లో దాచిన ఫైళ్లు? పని కాగానే వాటిని శుభ్రంగా తుడిచేసేలా నేనే రాశాను. ఆ శుభ్రతను చూసుకొని ఏడుపొచ్చింది.

అమ్మ దగ్గర మిగిలిన రెండు కొత్త పెన్‌డ్రైవ్‌లు తీసుకొచ్చి పెట్టాను. ప్రోగ్రాము చదివిన ప్రతి వివరాన్నీ తెర మీద రాసేలా మార్చాను. మొదటిదాని నంబరు వచ్చింది. రెండోదానికీ అదే వచ్చింది. నా కోడ్ మొదటి దాన్నే రెండు సార్లు చదువుతోందేమో అనుకొని ఒకటి తీసేసి, రెండోది ఒంటరిగా పెట్టాను. అదే నంబరు. ల్యాప్‌టాప్ ఆపి, మళ్లీ వేసి చూశాను. అదే. చివరికి జావాను పక్కనపెట్టి, ల్యాప్‌టాప్‌లో ఉండే మామూలు పద్ధతిలో చూశాను. అప్పుడూ అదే.

ప్రోగ్రాము సరిగ్గానే చదువుతోంది. చవక సరుకు చేసేవాళ్లు కొందరు ప్రతి ముక్కకూ వేరే నంబరు వెయ్యరు, అన్నిటికీ ఒకటే అచ్చు గుద్దేస్తారని నాకు తెలియదు. ఎవరికీ ఎక్కువ తక్కువలు ఉండకూడదని మేము వెతికి వెతికి ఒకే డబ్బాలోంచి తెచ్చిన డజనుకూ ఒకే నంబరు.

అమ్మ మిషను ఆపి అడిగింది. "ఏమైందే?"

"అమ్మా, ప్రోగ్రాము పది మందిని ఒక్కరే అనుకుంది."

ఆ మాట నోటితో అన్నాక నాకు ఇంకొకటి తెలిసింది. పది మందిని ఒక్కరే అనుకుంటే, పది మంది సొంత ఫైళ్లనూ ఒకే పేరు మీద ఒకే చోట కుప్ప పోసి ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు ఆ నంబరుకు చివరగా దొరికిన ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే ఆ కుప్ప మొత్తం పోసి ఉంటుంది. పరీక్షగా రెండింటిలో వేరు వేరు పాటలు వేసి నడిపి చూశాను. అంతే. ఒకటి ఖాళీ, ఇంకోదాంట్లో రెండూ.

"అమ్మా, తాత పోలేదు. ఎవరింట్లోనో ఉన్నడు."

అమ్మ రెండు చేతులూ పైకెత్తి "స్తోత్రం తండ్రీ" అంది. వెంటనే చేతులు దించి, "ఎవలింట్ల?" అంది.

అది నాకు తెలియదు. ఏది చివరగా దొరుకుతుందో రంధ్రాల వరుసను బట్టి ఉండదు. మంగళవారం ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేశాం. ఆదివారం తర్వాత పాటలు తక్కువయ్యాయని ముగ్గురు అన్నారు, తేడా తెలియలేదని మిగతావాళ్లు. దుబాయ్ చెల్లెలి మాటలు పోయాయని ఆమె మాత్రం అమ్మను బాగా కడిగేసింది. అవి ఆమె కొడుకు ఫోన్‌లో ఉన్నాయని తెలిశాక చల్లబడింది. ఎక్కడా తాత లేడు. ఒక్క ఇల్లు మిగిలింది. ఆ ఇంటికి ఫోన్ చెయ్యడానికి నాకూ అమ్మకూ చెయ్యి రాలేదు.

అది మేమంతా ఢోలక్ కాక అని పిలిచే ఆయన ఇల్లు. మా గల్లీకి వెనక గల్లీ. ఆటో నడిపేవాడు, మందిరంలో ఢోలక్ వాయించేవాడు. ఎనిమిదేళ్ల కింద ఒక పండుగ ఆరాధనకు తాగి వచ్చాడు. తాత వాక్యం చదువుతూ మధ్యలో ఆపి, అందరి ముందూ ఆయన్ను పేరు పెట్టి లేపి, ఢోలక్ కింద పెట్టి బయటికి పొమ్మన్నాడు. కాక వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. తాత చనిపోతే చూడ్డానికి కూడా రాలేదు. తర్వాత కాకకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. అమ్మ అడగకుండానే ఒక డబ్బా, పెన్‌డ్రైవ్ ఇచ్చి వచ్చింది. ఆయన భార్యను మేము కాకి అంటాం, ఆమె ప్రతి ఆదివారం దాన్ని తెస్తుంది. ఆయన వింటాడో లేదో మాకు తెలియదు.

బుధవారం మధ్యాహ్నం వెళ్లాం. కాకి తలుపు తీసి, "రాండ్రి అక్కా, మీ కోసమే చూస్తుండు" అంది. కాక మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నాడు. డబ్బా ఆయన ఎడమ చేతి పక్కన.

"వందనాలు కాకా" అన్నాను.

"వందనాలు సరేగని," మాట కొంచెం ముద్దగా వస్తుంది ఆయనకు, "మీకు నేనొక్కన్నే దొరికిన్నా? ఊరందరి పాటలు నాకే పంపిండ్రు. ఎవలి మనవరాలో పాడుతది. ఎవలో దుబాయ్‌ల ఎండ మస్తుగుందని చెప్తది. నాకెందుకు దుబాయ్ ఎండ?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "తప్పు నాదే కాకా. ప్రోగ్రాము..."

"ఆగు. ఆయనను గూడ పంపిండ్రు."

కాక డబ్బా వైపు చూపు తిప్పాడు.

"సోమవారం పొద్దున పెట్టంగనే ఆయన గొంతు. నన్ను కావాలని ఎక్కిరియ్యనీకి పంపిండ్రనుకున్న. డబ్బ గోడకు కొడదామనుకున్న, ఎడమ చెయ్యితోని అయ్యేటట్టు లేదు. ఇది లేదు ఇంట్ల," అని కాకి కోసం కళ్లతో వెతికాడు. "అందుకని వినుకుంట పండుకున్న."

ఆయన ఎడమ చేత్తో మీట నొక్కుతూ పాటలు దాటించి ఒకచోట ఆపాడు. తాత కీర్తన చదవడం ముగించాడు. ఆగాడు. దగ్గాడు. రైలు కూత. రైలు పోయేదాకా ఆగాడు. చదవడం అయిపోయిందని అందరూ ఆపేసే చోటు అది. కానీ ఫోన్ ఇంకా నడుస్తూనే ఉంది. తాత ప్రార్థన మొదలుపెట్టాడు.

"ప్రభువా, ఢోలక్ వాయించే నా తమ్ముణ్ని అందరి ముందల లేపి నిలబెట్టిన. వాడు తాగొచ్చింది నిజమే. గని పక్కకు పిలిచి చెప్తే అయిపోవు. నీ మాట చదివే నోటితోని వాని ఇజ్జత్ తీసిన. వాని కాడికి పోయేంత ధైర్యం నాకు లేదు. ఇగ నడిచేటట్టు గూడ లేను. నువ్వే చెప్పు వానికి."

కాక మీట నొక్కి ఆపేశాడు. "మూడు దినాల సంది గిదే వింటున్న" అన్నాడు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఫోన్ దిండు పక్కన పెట్టి, ఆయన చదివేటప్పుడు బయట కూర్చున్నది తనే. కానీ ఇంటికొచ్చి ఎక్కించేటప్పుడు వాక్యం అయిపోగానే వినడం ఆపేసేది, ఒకరి ప్రార్థన వినకూడదని. చివర కోసెయ్యడం ఆమెకు రాదు. అందుకే అది అలాగే ఉండిపోయింది.

నేను శనివారం సంగతి, అవ్వ సంగతి చెప్పాను. ఆ పెన్‌డ్రైవ్ కావాలన్నాను. కాక డబ్బా మీద చెయ్యి వేశాడు.

"ఇయ్య. తీస్కపోయి మళ్ల చెరిపేస్తవ్."

"చెరపను కాకా. నీ ముందే తీసుకుంటా."

"గా మిషన్ పెట్టొద్దు. ఏంది అది, ప్రోగ్రామ్."

"పెట్టను. చేత్తోనే."

ఆయన మంచం అంచున కూర్చొని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని, ఒక్కొక్క ఫైలూ నేనే లాగి పెట్టాను. ఒకటి, రెండు... ఇరవై మూడూ ఉన్నాయి. ప్రతిదీ పెట్టాక తెరిచి మొదటి మాట విని చూశాను. కాక మెడ చాచి తెర చూస్తూ, "గిది పోయిందా? గిది వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాడు. నా ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, నా ఫోన్‌లో ఒకటి, అవ్వ కోసం కొత్త పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టాను. ఆయనది ఆయనకు తిరిగి డబ్బాలో గుచ్చి, మోగించి చూపించాకే దిండు మీద వెనక్కి వాలాడు.

"నాదాంట్ల అందరియి ఉండనీ" అన్నాడు. "దుబాయ్ ఎండ గూడ."

ఇంటికొచ్చి అమ్మ ఆదివారం కట్టిన చీర తీసి దాని కొంగు ముడి విప్పింది. ఆదివారం ఏరిన దారాలు ఇంకా అందులోనే ఉన్నాయి. ఎర్రది తీసి కొత్త పెన్‌డ్రైవ్‌కు కట్టి మూడు ముళ్లు వేసింది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. క్షమించమని అడిగాను. "అది సరే, ఆ సూదిల దారం ఎక్కియ్యి, కండ్లు కనవడ్తలేవు" అంది.

మరునాడే ఆ పెన్‌డ్రైవ్ తీసుకొని దబీర్‌పురా వెళ్లాను. అవ్వ చేతిలో పెడితే ముందు ముళ్లు లెక్కపెట్టింది. డబ్బాలో పెట్టాను. రైలు చోటు వచ్చేదాకా ఆమె నవ్వలేదు. వచ్చాక నవ్వింది. కీర్తన తర్వాత ప్రార్థన మొదలవగానే నేను ఆమె ముఖం చూశాను. ఆమెకు కొత్త కాదు. ఏడాదిగా పొద్దున్నే వింటున్నదే.

"అవ్వా, కాకకు ఎన్నడూ చెప్పలేదేంది నువ్వు?"

"ఆయన నాకు చెప్పలే కద బిడ్డా. దేవునికి చెప్పిండు. నడుమ నేనెవలు?" ముఖం నా వైపు తిప్పి అడిగింది. "వాడు విన్నడా?"

"విన్నడు. మూడు దినాల సంది వింటుండు."

అవ్వ ఆ పెన్‌డ్రైవ్ దారాన్ని వేళ్లతో నిమురుతూ కూర్చుంది. "అయితె ముట్టింది" అంది.

నా తప్పును దేవుని మీద వెయ్యను. కత్తెర పట్టుకున్నది నేను. గర్వపడింది నేను. ఒక కళ్లు లేని ముసలామె నాలుగు పొద్దులు భర్త గొంతు కోసం మీటలు తడుముకుంది నా వల్ల. దేవుడే అలా చేయించాడని చెప్పుకుంటే నాకు హాయిగా ఉంటుంది, కానీ అది నిజం కాదు. ఆయన నా తప్పును వృథా పోనివ్వలేదు, అంత మాత్రం చెప్పగలను. మందిరం విడిచిపోయిన ఆ ఒక్కరి దగ్గరికే మిగతా అందరి పాటలూ మాటలూ వెళ్లి చేరాయి. ఒక్క గొర్రె కోసం అన్నిటినీ వదిలి వెళ్లే కాపరి సంగతి చిన్నప్పటి నుంచీ ఆదివారం బడిలో చెప్పుకుంటున్నదే. అది జరుగుతుంటే నేను గుర్తుపట్టలేదు. ప్రోగ్రాము తప్పు వెతుకుతూ కూర్చున్నాను.

శనివారం సాయంత్రం అవ్వ ఇంటి ముందు ఒక ఆటో ఆగింది. ఒకప్పుడు కాకతో పాటు ఆటో స్టాండులో ఉన్న ఇద్దరు డ్రైవర్లు ఆయన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి మోసుకొచ్చారు. అందరూ జరిగి చోటిచ్చారు. అవ్వ కుర్చీ చప్పుడు విని, "ఎవలు?" అంది.

"నేనే వదినా."

"వచ్చినవా. ఇట్ల డబ్బ దగ్గర కూర్చో. నీకు సరిగ ఇనబడాలె."

తాత చదివాడు. రైలు వచ్చింది, ఆయన ఆగాడు, మేమంతా ఆయనతో పాటే ఆగాం. మళ్లీ అందుకున్నాడు. ఆ తర్వాత పాటకు కాక ఎడమ అరచేత్తో కుర్చీ చెయ్యి మీద తాళం వేశాడు. ఎనిమిదేళ్ల తర్వాత, ఒక్క చేత్తో. తాళం అక్కడక్కడా తప్పింది. మేము ఆయన కోసం నిదానంగా పాడాం.

ఇప్పుడు ప్రోగ్రాము సీరియల్ నంబరును నమ్మదు. ప్రతి పెన్‌డ్రైవ్ లోపల మేమే ఒక చిన్న ఫైలు పెట్టి, అది ఎవరిదో రాశాం. రెండింటి మీద ఒకే పేరు కనిపిస్తే పని ఆపేసి అమ్మను పిలవమంటుంది. సొంత ఫైళ్లను ముట్టుకోదు. కాక పెన్‌డ్రైవ్‌కు మాత్రం అందరివీ వెయ్యమని విడిగా ఒక వరుస రాశాను, అందరినీ అడిగి ఒప్పించాకే. దారాలు కూడా ఉన్నాయి. అవి పక్క రంధ్రాలకు అడ్డం వస్తే ఒకటి విడిచి ఒకటి పెడతాం. ఆరు నిమిషాల పని పన్నెండు నిమిషాలు పడుతుంది.

చదువుతున్న మీరు ఎవరో నాకు తెలియదు. ఆయనకు తెలుసు. ఈ పేజీ మూసే ముందు నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. మందిరానికి రాలేక మంచం మీద నుంచే వినేవాళ్ల కోసం ప్రార్థించండి. మా అవ్వ చెవులు చివరిదాకా బాగుండాలని, కాక ఎడమ చేతికి బలం ఉండాలని అడగండి. మీకూ ఎవరి దగ్గరికైనా వెళ్లే ధైర్యం చాలకపోతే ఆ పేరు కూడా ఇప్పుడే ఆయనకు చెప్పండి, నేనూ నాకున్న ఒక పేరు చెబుతాను. తండ్రీ, మేము ఒకేలా కనిపించినా మమ్మల్ని కలగలపని నీకు వందనాలు. మా చేతులు చెరిపేసినవాటిని నీ దగ్గర ఉంచు. ఆమెన్ అని మీరు కూడా నాతో అనండి.